టెక్ సందేహాలు: ఎనిమిదేళ్లు నడిచే ప్రాసెసర్ ఏది?

ప్రశ్న: నమస్తే సర్. మాది ఖమ్మం, బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. రాత్రిపూట ఫ్రెండ్స్‌తో వాలరెంట్ ఆడతాను, సెలవుల్లో పెద్ద గేమ్స్ కూడా ఆడతాను. ఫోన్లో 4కేలో తీసిన వీడియోలు ఎడిట్ చేసి వారానికొకటి యూట్యూబ్‌లో పెడతాను. డెస్క్‌టాప్ కొనుక్కోవడానికి నాన్న లక్ష రూపాయలు ఇస్తానన్నారు, మళ్లీ మళ్లీ అడగొద్దన్నారు. ఒక ఫ్రెండ్ ఇంటెల్ ఐ9-14900కె తీసుకోమంటున్నాడు, ఇంకొకడు ఏఎండీ రైజెన్ 9 అంటున్నాడు. 1080పి, 75 హెర్ట్జ్ మానిటర్ ఇంట్లోనే ఉంది. ఎనిమిదేళ్ల దాకా పాతబడని ప్రాసెసర్ చెప్పండి.

జవాబు: ఆ రెండూ మీకు వద్దు. రైజెన్ 5 7600, దానికి ఒక మంచి బీ650 మదర్‌బోర్డు తీసుకోండి. మిగిలే డబ్బులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారికి కూడా మీరే చెప్పి ఒప్పించాలి.

ఖరీదైన ప్రాసెసర్ కొంటే ఎక్కువ ఏళ్లు వస్తుందని చాలామంది నమ్ముతారు. 2017లో ఏం జరిగిందో చూడండి. ఆ జనవరిలో ఇంటెల్ ఐ7-7700కె వచ్చింది. నాలుగు కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). అప్పట్లో గేమింగ్‌కి దాన్ని మించింది లేదనేవారు. అదే ఏప్రిల్‌లో ఏఎండీ రైజెన్ 5 1600 వచ్చింది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, ధర బాగా తక్కువ. మొదటి రోజు గేముల్లో 7700కె దే పైచేయి. తర్వాత ఏమైంది? ఆ ఏడాది అక్టోబర్‌లోనే ఇంటెల్ 8వ తరం తెచ్చింది. సాకెట్‌లో, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోట, పిన్నుల సంఖ్య అదే అయినా పాత బోర్డుల్లో దానికి సపోర్ట్ ఇవ్వలేదు. కొత్త ప్రాసెసర్ కావాలంటే బోర్డు కూడా మార్చాల్సిందే. రైజెన్ కొన్నవాళ్లు ఏఎం4 సాకెట్‌లో ఉన్నారు. 2022లో ఏఎండీ 300 సిరీస్ పాత బోర్డులకు కూడా రైజెన్ 5000 సపోర్ట్‌కి దారి తెరిచింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే గేమింగ్ ప్రాసెసర్ 5800ఎక్స్3డీ వచ్చింది. బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని, పాత బోర్డు, పాత డీడీఆర్4 ర్యామ్ అలాగే ఉంచి, ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకుని చాలామంది ఈ రోజుకీ హాయిగా ఆడుకుంటున్నారు.

ఇంకో దెబ్బ విండోస్ వైపు నుంచి పడింది. విండోస్ 11 కి ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే అధికారికంగా చోటు దొరికింది. 7700కె కి చోటు లేదు, రైజెన్ 1600 కీ లేదు. 2025 అక్టోబర్ 14 తో విండోస్ 10 కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. మీరు ఆడే వాలరెంట్ అయితే విండోస్ 11 లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఆన్‌లో లేకపోతే నడవనే నడవదు. రైజెన్ వాళ్లు ప్రాసెసర్ మార్చుకుని గట్టెక్కారు. 7700కె ఉన్నవాళ్లకు ఇంకా బాగా పనిచేస్తున్న చిప్ చేతిలో ఉన్నా లాభం లేకపోయింది. ఎనిమిదేళ్లు నిలబడాలంటే చూడాల్సింది ముందు సాకెట్‌నే అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇవాళ ఆ మాట ఏఎం5 సాకెట్‌కి వర్తిస్తుంది. నేను చెప్పిన 7600, బీ650 ఈ సాకెట్‌వే. 2022 సెప్టెంబర్‌లో రైజెన్ 7000 తో మొదలై, 2024 లో రైజెన్ 9000 కూడా అదే సాకెట్‌లోకి వచ్చింది. 2027 వరకూ, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. మీ ఫ్రెండ్ చెప్పిన 14900కె కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ కథ 14వ తరంతోనే ముగిసింది. మామూలు డెస్క్‌టాప్‌ల కోసం అందులోకి ఇక కొత్త తరం ప్రాసెసర్లు రావు.

14900కె విషయంలో నాకు ఇంకో రెండు అభ్యంతరాలున్నాయి. 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ అవసరానికి మించి వెళ్లి చిప్ మెల్లగా పాడైపోయే సమస్య బయటపడింది. గేమ్స్ ఉన్నట్టుండి క్రాష్ అవడం దాని లక్షణం. 2024 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పెంచి ఐదేళ్లు చేసింది. కొత్త బయోస్‌తో కొత్త చిప్ వాడితే భయపడక్కర్లేదు గానీ, సెకండ్ హ్యాండ్‌లో వచ్చే 13900కె, 14900కె జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఏ అప్‌డేటూ బాగు చేయదు. రెండోది వేడి. ఆ ప్రాసెసర్ పూర్తి లోడులో 253 వాట్ల దాకా లాగుతుంది. మే నెలలో ఖమ్మంలో ఏసీ లేని గదిలో దాన్ని చల్లగా ఉంచాలంటే కూలర్‌కే చాలా ఖర్చవుతుంది. 7600 టీడీపీ (కూలర్ చల్లార్చాల్సిన వేడికి కంపెనీ చెప్పే లెక్క) 65 వాట్లు. పెట్టెలోనే కూలర్ వస్తుంది, దాంతో పని నడుస్తుంది. అయినా తెలంగాణ ఎండలు చూసి, రెండు వేల రూపాయల లోపు దొరికే టవర్ కూలర్ ఒకటి వేయించుకోమంటాను. చప్పుడు తగ్గుతుంది, వీడియో ఎక్స్‌పోర్ట్ అయ్యే పావుగంటలో స్పీడ్ పడిపోదు.

ఆరు కోర్లు ఎనిమిదేళ్లకి సరిపోతాయా అని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. 2020 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ ఎనిమిది జెన్ 2 (ఏఎండీ కోర్ల డిజైన్‌లో ఒక తరం) కోర్లున్నాయి. పెద్ద గేమ్స్ చాలావరకు వాటిని దృష్టిలో పెట్టుకునే తయారవుతున్నాయి. 7600 లోవి జెన్ 4 కోర్లు. ఒక్కో కోరు ఆ కన్సోల్ కోర్ల కంటే బాగా వేగం, అందుకే ఆరుతో నెట్టుకొస్తుంది. మరో మూడు నాలుగేళ్లలో గేమ్స్ బరువు పెరిగితే అప్పుడు చూసుకోవచ్చు. అప్పటికి మీరు ఉద్యోగంలో ఉంటారు. అదే బోర్డులో 7800ఎక్స్3డీనో, అప్పటికి వచ్చిన ఇంకోటో మీ జీతంతో వేసుకోండి, నాన్నని అడిగే పని ఉండదు. క్యాబినెట్ మళ్లీ తెరవనే తెరవను అనుకుంటే మాత్రం ఇప్పుడే ఎనిమిది కోర్ల రైజెన్ 7 7700 తీసుకోండి. అదీ 65 వాట్లే. రైజెన్ 9 లోని పన్నెండు, పదహారు కోర్లు మీ గేముల్లో ఖాళీగా కూర్చుంటాయి. రోజంతా ఎడిటింగ్ చేసేవాళ్లకి అవి కావాలి, వారానికో వీడియోకి కాదు.

ఇక ఎక్స్3డీ, అంటే అదనపు క్యాషే ఉన్న గేమింగ్ ప్రాసెసర్, ఇప్పుడే ఎందుకు వద్దంటే, మీ మానిటర్ 75 హెర్ట్జ్. సెకనుకు 75 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము సిద్ధం చేయడానికి ప్రాసెసర్‌కి సుమారు 13 మిల్లీసెకన్ల టైమ్ ఉంటుంది. 240 హెర్ట్జ్ మానిటర్ అయితే 4 మిల్లీసెకన్లే. ఎనిమిది కోర్ల ఎక్స్3డీ చిప్‌లలోని 96 ఎంబీ ఎల్3 క్యాషే (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) గొప్పతనం ఆ 4 మిల్లీసెకన్ల పరుగులో కనిపిస్తుంది. మీ తెర మీద ఆ తేడా కంటికి ఆనదు. పెద్ద గేమ్స్‌లో మీకు అడ్డొచ్చేది గ్రాఫిక్స్ కార్డే. నమ్మకం కుదరకపోతే ఫ్రెండ్ సిస్టమ్‌లో గేమ్ నడుస్తుండగా ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో చూడండి. ఫ్రేమ్ లిమిట్ పెట్టకుండా ఆడినప్పుడు జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం 95 శాతం పైన నిలబడి ఉంటే, ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా ఫ్రేములు పెరగవు.

ఎడిటింగ్ సంగతికొద్దాం. ఫోన్ వీడియోలు ఇప్పుడు ఎక్కువగా హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అక్కడక్కడ ఒక పూర్తి ఫ్రేము, మధ్యలో మార్పుల వివరాలు మాత్రమే. టైమ్‌లైన్‌లో వెనక్కి జరిపినప్పుడల్లా ముందున్న పూర్తి ఫ్రేము నుంచి లెక్క మళ్లీ కట్టాలి, అందుకే ఇరుక్కున్నట్టు అవుతుంది. ఈ పని గ్రాఫిక్స్ కార్డులోని డీకోడర్ (వీడియోని విప్పే భాగం) చేయగలదు. కొన్ని సాఫ్ట్‌వేర్ల ఉచిత వెర్షన్లు దాన్ని పూర్తిగా వాడుకోనివ్వవు. ఖర్చు లేని మందు ప్రాక్సీ: సాఫ్ట్‌వేర్ చిన్న సైజు కాపీలు తయారు చేస్తుంది, మీరు వాటి మీద కోసుకుంటారు, చివర్లో అసలు 4కే ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ అవుతుంది. ముందు ముందు 10 బిట్ 4:2:2లో (రంగుల వివరాలు ఎక్కువగా ఉంచే పద్ధతి) తీసే మిర్రర్‌లెస్ కెమెరా కొంటే లెక్క మారుతుంది. ఆ ఫైళ్లను ఇంటెల్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ హార్డ్‌వేర్‌లోనే చదువుతుంది, ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ చదువుతుంది. మీ ఫోన్ వీడియోలకు ఆ బెడద లేదు.

షాపులో 7500ఎఫ్ చూపించి ఇంకాస్త తగ్గిస్తామంటారు. ఎఫ్ ఉన్నదానిలో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉండవు. 7600 లో చిన్నవైనా ఉంటాయి. ఎప్పుడైనా గ్రాఫిక్స్ కార్డు సర్వీస్‌కి వెళ్తే డిస్‌ప్లే వస్తుంది, ప్రాజెక్టు రిపోర్టు ఆగదు. ఎనిమిదేళ్ల లెక్కలో ఆ తేడా డబ్బు పెట్టొచ్చు.

ర్యామ్ దగ్గర మాత్రం జేబు చూసుకోవాలి. 2025 చివరి నుంచి డీడీఆర్5 ధరలు బాగా పెరిగాయి. కుదిరితే 16 జీబీవి రెండు, 6000 స్పీడ్‌వి, కిట్‌గా తీసుకోండి. కుదరకపోతే ఇప్పుడు 16 జీబీది ఒకటి వేసి, ధరలు దిగాక అదే మోడల్ ఇంకోటి కలపండి. అప్పటిదాకా కొన్ని ఫ్రేములు తగ్గుతాయి. నాలుగు స్లాట్లూ నింపే ప్లాన్ పెట్టుకోవద్దు, ఏఎం5 లో నాలుగు స్టిక్‌లు వేస్తే స్పీడ్ దించాల్సి వస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చేయడం మర్చిపోవద్దు, చేయకపోతే కొన్న స్పీడ్ రాదు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఊళ్లో కొన్నా సీల్ ఉన్న బాక్స్ ప్రాసెసరే అడగండి. దానికి మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. ట్రే ప్రాసెసర్ (బాక్స్ లేకుండా విడిగా అమ్మేది) చవకే గానీ వారంటీకి ఆ షాపు వాళ్లే దిక్కు. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. ఏఎం5 లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, మదర్‌బోర్డు సాకెట్‌లో ఉంటాయి. బిగించే ముందు ఫోన్ టార్చ్ వేసి పక్క నుంచి చూడండి. అన్నీ సరిగా ఉంటే వరుసలన్నీ ఒకేలా మెరుస్తాయి, వంగిన పిన్ను ఉన్నచోట ఆ మెరుపు తెగుతుంది. ఇది షాపు కౌంటర్ మీదే చూసుకోవాలి, ఇంటికెళ్లాక చెబితే ఎవరూ ఒప్పుకోరు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. బోర్డు డీడీఆర్5 ర్యామ్‌ని సర్దుకుంటున్న సమయమది. టెన్షన్ పడి పవర్ ఆపేయొద్దు.

ప్రశ్న: నా దగ్గర బీ450 బోర్డు, రైజెన్ 5 2600 ఉన్నాయి. కొత్త గేమ్స్ ఆగి ఆగి నడుస్తున్నాయి. మొత్తం మార్చేయమంటారా? – గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ. మీది ఏఎం4, పైన చెప్పిన సౌకర్యం మీకూ ఉంది. కొత్త రైజెన్ 5 5600 వేసినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. 5700ఎక్స్3డీ వారంటీతో మంచి ధరకు దొరికితే ఇంకా మేలు, గేమ్స్ పరంగా ఈ బోర్డులో అంతకన్నా పెద్దగా ముందుకెళ్లేది లేదు. డీడీఆర్5 ధరలు ఇలా ఉన్నప్పుడు మీ పాత డీడీఆర్4 ని కాపాడుకోవడమే తెలివైన పని. ఒక్క జాగ్రత్త: 2600 ఇంకా బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి. ముందే తీసేస్తే పాత బయోస్ కొత్త చిప్‌ని గుర్తుపట్టక తెర రాదు. అప్‌డేట్ జరిగేటప్పుడు కరెంటు పోతే బోర్డే మొరాయించవచ్చు కాబట్టి యూపీఎస్ మీద చేయండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) వాడుతుంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, ప్రాసెసర్ మారగానే విండోస్ దాన్ని అడుగుతుంది.

ప్రశ్న: డెస్క్‌టాప్‌కి ఇంట్లో చోటు లేదు. ఐ7 ల్యాప్‌టాప్ తీసుకుంటే ఇదే పని జరుగుతుందా? – విశాఖపట్నం నుంచి

జవాబు: ఐ7 అన్న మాట ఒక్కటే చూసి కొనొద్దు, చివరనున్న అక్షరాలు చూడండి. ఐ7-1355యూలో పెద్ద కోర్లు రెండే, బేస్ పవర్ 15 వాట్లు. ఐ7-13700హెచ్‌ఎక్స్‌లో పెద్దవి ఎనిమిది, చిన్నవి ఎనిమిది, బేస్ పవర్ 55 వాట్లు. పేరులో రెండూ ఐ7 లే. గేమింగ్, ఎడిటింగ్ రెండూ కావాలంటే హెచ్ లేదా హెచ్‌ఎక్స్ ఉన్నదే తీసుకోండి, విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉండాలి. వీటిలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ బోర్డుకి అతికించే వస్తాయి, తర్వాత మార్చలేరు. అందుకే ల్యాప్‌టాప్‌లో మాత్రం మొదటే ఒక మెట్టు పైది కొనమంటాను. ర్యామ్ స్లాట్లు ఉన్నాయో లేదో అడగండి. ఏడాదికోసారి ఫ్యాన్ల దుమ్ము తీయించండి. విశాఖ గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ, కాబట్టి సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టుకుని వాడొద్దు.