ముప్పై ఏళ్ల నాటి వైన్ సీసా దొరికింది, దానికి విలువ ఉంటుందా?

పెదనాన్నగారి అలమారలో 1990 అని ముద్రించిన, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ సీసా దొరికిందని రాశారు. ఇన్నేళ్లు గడిచాయి కాబట్టి విలువ బాగా పెరిగి ఉంటుందా, అసలు వింటేజ్ వైన్ నాణ్యత దేని మీద ఆధారపడుతుంది అని అడిగారు. బోర్డోకు 1990 చాలా మంచి సంవత్సరం, అందులో సందేహం లేదు. కానీ జవాబుకు ముందు నాకు తెలియాల్సింది ఆ అలమార సంగతి. అది ఎండ తగిలే గోడకు ఉందా? సీసా నిలబడి ఉందా, పడుకుని ఉందా? తలుపులు చెక్కవా, అద్దాలవా? ఈ మూడూ మీరు రాయలేదు. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లెవరూ రాయరు. అందరూ సంవత్సరం ఒక్కటే రాస్తారు.

పదకొండేళ్లు ప్రయాణికుల నౌకల్లో వైన్ వడ్డించే ఉద్యోగం చేశాను. ఎన్ని వేల బిరడాలు తీశానో లెక్క లేదు. వాటిలో 2007లో తీసిన ఒక బిరడా మాత్రం ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది.

ఆ రాత్రి ఒక దంపతులు పాతికేళ్ల పెళ్లిరోజు జరుపుకుంటున్నారు. తమ వెంట ఒక సీసా తెచ్చుకున్నారు. 1982 బోర్డో, పేరున్న తోటది. పెళ్లయిన ఏడాది కాపు కదా అని, అది అమ్మకానికి వచ్చాక ఒక స్నేహితుడు బహూకరించాడట. అది తమ ఇంటి ముందు గదిలో అద్దాల బీరువాలో, పైన చిన్న దీపం వెలుగుతుండగా, అన్నేళ్లూ నిలబడే ఉందని ఆయన ఎంతో ఇష్టంగా చెప్పారు. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేవారట. ఆయన ఆ మాట అంటున్నప్పుడే నా గుండె జారిపోయింది.

సీసాను దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాను. మెడలో ఉండాల్సిన వైన్ భుజం దిగి కిందికి వచ్చేసింది. బిరడా మీది రేకు తొడుగు వేలికి జిగటగా తగిలింది. ఎప్పుడో ఉబ్బి, కారి, ఎండిపోయిన జిగట అది. మామూలు మరతో తీస్తే బిరడా పొడి అవుతుందని, రెండు పలచటి రేకులుండే పనిముట్టు తెచ్చి పక్కల నుంచి దించాను. అయినా లాభం లేకపోయింది. రేకు తగలగానే బిరడా చప్పుడు లేకుండా లోపలికి జారిపోయింది. గుడ్డతో వడకట్టి గ్లాసులో పోస్తే తడిసిన ఇటుక రంగు. ముందు వెనిగర్ ఘాటు, దాని వెనక కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు నెమ్మదిగా కింద పెట్టేశారు. ఆయన మాత్రం లేబుల్ వైపే చూస్తూ, "కానీ ఇది 1982 కదండీ!" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు ఉంది, అదే మీకు రాస్తున్నాను.

మనం పాత కార్లనూ పాత కెమెరాలనూ వింటేజ్ అంటాం కాబట్టి ఆ మాటకు పాతది అని అర్థం స్థిరపడిపోయింది. వైన్ విషయంలో అది కేవలం ద్రాక్ష కోసిన సంవత్సరం. సీసాలో నింపిన సంవత్సరం కూడా కాదు. నిరుడు కోసిన పండుతో చేసిన వైన్ కూడా వింటేజ్ వైనే. లేబుల్ మీద సంవత్సరం వేయాలంటే యూరప్ నిబంధనల ప్రకారం అందులో కనీసం 85 శాతం ఆ ఏటి పండుతో చేసింది అయి ఉండాలి. షాంపేన్‌లో అయితే వింటేజ్ అని రాస్తే మొత్తం ఆ ఏటిదే ఉండాలి. మామూలు షాంపేన్ మీద సంవత్సరమే ఉండదు, ఎందుకంటే అది కొన్నేళ్ల కాపుల కలయిక. పోర్చుగల్‌లో పోర్ట్ అనే తీపి వైన్ చేసేవాళ్లు ఇంకా కచ్చితంగా ఉంటారు. బాగా కుదిరిన ఏళ్లనే వింటేజ్‌గా ప్రకటిస్తారు, అది పదేళ్లలో మూడుసార్లకు అటూ ఇటుగా ఉంటుంది.

మరి ఒక ఏడాది గొప్పది, మరొకటి చప్పది ఎందుకవుతుంది? మామిడి తోట ఉన్నవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. చిగురు వేసేటప్పుడు మంచు పడకూడదు. పూత సమయంలో చలి, వాన ఉంటే పిందె నిలవదు. వేసవిలో ఎండ కావాలి గానీ మాడ్చేసే ఎండ పనికిరాదు. అన్నిటికీ మించి కోతకు ముందు రెండు వారాలు వాన పడకూడదు, పడితే పండు నీళ్లు తాగి ఉబ్బి రుచి పలచబడుతుంది, కుళ్లు పడుతుంది. బోర్డోలో 1984లో పూత సరిగా కట్టక మెర్లో రకం ద్రాక్ష చాలా చోట్ల చేతికి రాలేదు. 1991 ఏప్రిల్‌లో మంచు చిగుళ్లను కాల్చేసింది. 1961లో పూత బాగా రాలిపోయింది, కానీ నిలిచిన కొద్ది గుత్తులకే తీగ బలమంతా వెళ్లి, ఆ ఏటి వైన్ శతాబ్దపు మేటి వైన్లలో ఒకటిగా నిలిచింది. కాపు తగ్గడం ఒక్కోసారి మేలే చేస్తుంది. అలాగని తక్కువ కాస్తేనే గొప్పదని సూత్రం కట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. 1982లో పండు విరివిగా కాసింది, చక్కగా పండింది కూడా. నిజాయితీ ఉన్న తోట ఎలా ఉంటుందో చూడాలంటే తీపి వైన్ చేసే షాటో దికెమ్‌ను చూడండి. 2012 కాపు తమ పేరుకు తగదని ఆ ఏడాది వైన్ విడుదల చేయనే లేదు. ఒక ఏడాది రాబడి వదులుకోవడం మాటలా?

ఇక్కడ ఒక కోపం వెళ్లగక్కాలి. జేబులో పెట్టుకునే సంవత్సరాల పట్టికలు ఉంటాయి, ఈ ప్రాంతానికి ఈ ఏడాది ఇన్ని మార్కులు అని. నౌకలో అతిథులు వాటిని తీసి, నేను చెప్పేది వినకుండా, అంకె చూసి సీసా తెప్పించుకునేవారు. ప్రాంతం మొత్తానికి ఒకే మార్కు ఎలా వేస్తారు? బోర్డోలో నదికి కుడి ఒడ్డున ముందుగా పండే మెర్లో ఎక్కువ, ఎడమ ఒడ్డున ఆలస్యంగా పండే కాబెర్నే ఎక్కువ. 1998లో మెర్లో కోత అయ్యాక వానలు పట్టుకున్నాయి. కుడి ఒడ్డున పండగ, ఎడమ ఒడ్డున దిగులు. వడగళ్లయితే ఒక ఊరి తోటను చితక్కొట్టి పక్క ఊరిని ముట్టుకోకుండా పోతాయి. ఆ పట్టిక చెప్పేది వాతావరణం గురించి, అదీ సగటున. తోటమాలి చేతివాటం, పీపా శుభ్రత, ఏ రోజు కోయాలో తేల్చుకున్న తెగువ అందులో ఎక్కడా కనిపించవు.

ఇక నిల్వ. నా మనసంతా దీని మీదే ఉంది. ఎర్ర వైన్‌లో తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చిన టానిన్ నోటికి వగరుగా తగులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు కణాలు ఒకదానికొకటి ముడిపడి బరువెక్కి మడ్డిగా దిగుతాయి, వైన్ మెత్తబడుతుంది. పచ్చి పండు వాసన పోయి ఎండుటాకు, తోలు, దేవదారు చెక్క లాంటి వాసనలు వస్తాయి. ఈ పని చాలా నెమ్మదిగా జరగాలి. 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు, బిరడా ఎండకుండా కాస్త తేమ ఉంటే అది నెమ్మదిగానే జరుగుతుంది. వేడి తగిలితే తొందరపడి చెడుతుంది. వేడెక్కడం, చల్లబడడం మారిమారి జరిగితే మరీ ప్రమాదం. వైన్ వ్యాకోచించి బిరడాను తోస్తుంది, సంకోచించి గాలిని లోపలికి పీలుస్తుంది. నిలబెట్టిన సీసాలో బిరడా ఎండి సన్నబడుతుంది, గాలికి దారి ఇంకా సులువవుతుంది. అద్దాల బీరువాలో, దీపం కింద, ఇరవయ్యేళ్లకు పైగా! ఆ వైన్‌ను చంపిన వస్తువులన్నీ ఆ ఒక్క బీరువాలోనే ఉన్నాయి.

ఇది ఆ దంపతులకు ఒక్కరికే జరిగింది కాదు. 1985లో లండన్ వేలంలో 1787 నాటి లాఫిట్ (బోర్డోలో పేరున్న తోట) అని చెప్పిన సీసా 1,05,000 పౌండ్లకు పోయింది. దాన్ని ప్రదర్శనలో దీపాల వెలుగులో పెట్టారు. ఆ వేడికి బిరడా ఎండి లోపల పడిపోయింది. ఆ సీసా అసలుదేనా అన్న వివాదం వేరే కథ. దీనికి సరిగ్గా ఎదురు కథ బాల్టిక్ సముద్రంలో జరిగింది. 2010లో ఆలండ్ దీవుల దగ్గర మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి, దాదాపు 170 ఏళ్ల నాటివి. చల్లని చీకటి నీటి అడుగున ఎవరూ కదపకుండా ఉండటం వల్ల వాటిలో కొన్ని తాగేలాగే ఉన్నాయి. ఎవరూ శ్రద్ధగా దాచకపోయినా సముద్రం దాచింది.

డబ్బు సంగతికి వస్తాను, మీరు అడిగింది అదే కదా. తోట పేరు, ఎన్ని సీసాలు మిగిలాయన్నది, ఆ ఏటి పేరు, ఇవన్నీ ధరలో ఉంటాయి. కానీ పెద్ద వేలంలో మొదట అడిగేది ఆ సీసా ఇన్నాళ్లూ ఎవరి చేతుల్లో, ఎక్కడ ఉందని. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో రొమానీ కాంతి అనే తోట ఉంది, 1945లో దాని వైన్ కేవలం 600 సీసాలు చేశారు, ఆ కోత తర్వాత ముసలి తీగలను పీకేసి కొత్తవి నాటారు, మళ్లీ 1952 దాకా ఆ తోట నుంచి వైన్ రాలేదు. అందులో ఒక సీసా 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. అది బర్గండీలోని వైన్ తయారీదారు రాబర్ట్ ద్రూయె సొంత నేలమాళిగ నుంచి నేరుగా వచ్చిన సీసా. చేతులు మారని చరిత్ర కూడా ఆ ధరలో ఉంది. చరిత్ర లేని సీసాల గతి చూడండి. 2008లో వైన్ సేకర్త రూడీ కుర్నియావన్ వేలానికి పెట్టిన వాటిలో, బర్గండీకి చెందిన పోంసో కుటుంబం చేసిన క్లో సాం దెనీ తోట వైన్ అంటూ 1945 నాటివి ఉన్నాయి. ఆ కుటుంబం ఆ తోట వైన్ మొదలుపెట్టిందే 1982లో! ఆ కుటుంబంలోని లోరాం పోంసో స్వయంగా వేలానికి వెళ్లి కూర్చున్నారు, వేలం సంస్థ ఆ సీసాలను అమ్మకం నుంచి తప్పించింది. తర్వాత నకిలీ వైన్ అమ్మినందుకు కుర్నియావన్‌కు పదేళ్ల జైలు పడింది.

ఇంకో మాట, దీనికి సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. వడ్డించేవాళ్లు మొదట మీ గ్లాసులో కొద్దిగా పోసేది మీకు నచ్చిందో లేదో తెలుసుకోవడానికి కాదు. వైన్ చెడిందేమో చూడమని. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా దోషం, నిస్సంకోచంగా వెనక్కి పంపండి. సిగ్గుపడి ఆ వైన్‌నే తాగేసినవాళ్లను ఎంతమందిని చూశానో! మొహం చూస్తే తెలిసిపోయేది, బాధ కలిగేది.

ఆ పెళ్లిరోజు రాత్రి ఇంకా అయిపోలేదు. మా సెల్లార్ చూసుకునే పెద్దాయనకు నేను జరిగింది చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడకుండా కిందికి వెళ్లి, తన సొంత అర నుంచి ఒక 1987 బోర్డో సీసా తెచ్చారు. కోతలో వానలు పడి ఏ పట్టికలోనూ మంచి మార్కులు రాని ఏడాది అది. కొన్న నాటి నుంచి ఇరవయ్యేళ్లకు దగ్గరగా చల్లని చీకట్లో పడుకునే ఉంది. మెడ దాకా నిండుగా ఉంది. బిరడా ఒక్క ముక్కగా వచ్చింది, అడుగు మాత్రమే ఎర్రబడి ఉంది. వైన్ పలచనిదే, ఘనమైనదని చెప్పను. కానీ ప్రాణం ఉంది. దేవదారు వాసన, నాలుక మీద చిన్న పులుపు, మింగాక కాసేపు నిలిచే తియ్యదనం. ఆవిడ రెండో గ్లాసు అడిగారు. ఆయన ఆ బిరడాను రుమాలులో చుట్టి దాచుకున్నారు.

మీ సీసా దగ్గరకు వద్దాం. లోకంలో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం కొన్నేళ్లలో తాగేయడానికే చేస్తారు, బోర్డోలో కూడా. కాబట్టి ముందు తోట పేరు చూడండి. 1990లో కూడా సాదా తోటల వైన్ ఇన్నేళ్లు నిలిచేది కాదు. సీసాను ఊపకండి. చల్లని గదిలో మూల చూసి పెట్టండి, లేబుల్ తుడవకండి. తెరవాలనుకుంటే రెండు రోజుల ముందు నిలబెట్టి మడ్డి దిగనివ్వండి, తెరిచాక గంటలోపే తాగేయండి, అంత ముసలి వైన్ గాలికి ఎక్కువసేపు ఆగదు. అమ్మాలనుకుంటే పెదనాన్నగారి కాగితాల్లో రసీదు కోసం వెతకండి. సీసా వెనక దీపం పెట్టి, మెడ నుంచి భుజం దాకా కనబడేలా ఒక ఫోటో, పై నుంచి బిరడా తొడుగు కనబడేలా ఇంకొకటి తీసి ఇక్కడ పెట్టండి. అలమార ఫోటో కూడా పెట్టండి. చూసి చెబుతాను.