మొదటి ప్రదర్శనకు ముందు వణికే చేతులు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఉద్యోగం చేసుకుంటూనే ఏడాదిగా ఒక ఇండీ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తున్నాను. వచ్చే నెలలో మా మొదటి లైవ్ షో. పదిహేనేళ్ల వయసులో బడి వేదిక మీద చేతులు వణికి మధ్యలోనే ఆగిపోయాను. ఆ రాత్రి నాన్న “నీకెందుకమ్మా ఇవన్నీ” అన్నారు. ఇప్పుడు ఆయనే షోకి వస్తానంటున్నారు. బ్యాండ్‌లో ఎవరికీ నా భయం సంగతి తెలియదు. ఏదో సాకు చెప్పి తప్పుకోవాలనిపిస్తోంది.

సమాధానం: చేతుల వణుకు సంగతి కాస్త తరువాత చూద్దాం. ఏడాదిగా కలిసి వాయిస్తున్న మనుషుల్లో ఒక్కరికి కూడా మీరు ఈ మాట చెప్పుకోలేకపోయారన్నది చదివినప్పుడు నాకు బాధ కలిగింది. ఒంటరిగా వేదికెక్కేవారికి దొరకని అండ మీకు పక్కనే ఉంది, ముఖ్యంగా డ్రమ్మర్ రూపంలో. బేస్, కిక్ డ్రమ్ (డ్రమ్మర్ కాలితో వాయించే పెద్ద డ్రమ్) ఒకే అడుగు మీద నడవవలసినవి కాబట్టి, మీరు తడబడితే ముందుగా గుర్తించేదీ, తల ఊపి మిమ్మల్ని తిరిగి తాళంలోకి తెచ్చుకోగలిగేదీ ఆ ఒక్క మనిషే. సంగతి ముందే తెలిస్తే మీ వైపు చూస్తూ వాయిస్తారు. తెలియకపోతే మీరు సరిగా సాధన చేయలేదనుకునే ప్రమాదం ఉంది.

ఇక వణుకు. పదిమంది చూపు మన మీద పడగానే శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోవడంతో వేళ్లు చల్లబడతాయి, సన్నని కదలికల మీద పట్టు తగ్గుతుంది. ఎడమచేతి చిటికెన వేలు తీగ మీద నిలవడం లేదని మీరు గమనించేది ఆ క్షణంలోనే. మీ ప్రతిభకు, ఈ వణుకుకు సంబంధం లేదు. చాలామందిలో ఇది వేదికెక్కే ముందు, ఎక్కిన తొలి నిమిషాల్లో తీవ్రంగా ఉండి, ఆ తరువాత తగ్గుముఖం పడుతుంది. అందుకే సెట్ లిస్ట్‌లో, అంటే ఆ రోజు వాయించే పాటల వరుసలో, మొదటి పాటగా మీ చేతికి బాగా అలవాటైన, నెమ్మదిగా నడిచే పాటను పెట్టమని అడగండి. ఈ కోరిక కోరాలన్నా అసలు విషయం వారికి చెప్పక తప్పదు.

1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పాడుతూ పాటల మాటలు మరచిపోయిన గాయని బార్బ్రా స్ట్రైసాండ్ ఆ భయంతో ఎన్నో ఏళ్లు కచేరీలకు చాలావరకు దూరంగా ఉండిపోయారు. 1994లో తిరిగి పర్యటనకు బయలుదేరినప్పుడు మాటలు కనబడేలా ఎదుట తెరలు అమర్చుకున్నారు. అంతటి గాయని ఆసరా అడగడానికి సంకోచించలేదు. మీరు కూడా సంకోచించవద్దు.

మిగిలిన వారాల్లో సాధన తీరు మార్చండి. కూర్చుని, తప్పు వచ్చినచోట ఆగి, మళ్లీ మొదలుపెట్టే సాధన వేళ్లకు మంచిదే గాని వేదికకు పనికిరాదు. నిలబడి, గిటార్ పట్టీ ఆ రోజు ఉండే ఎత్తులోనే బిగించుకుని, ఏం జరిగినా ఆగకుండా మొత్తం సెట్‌ను ఇద్దరు ముగ్గురు స్నేహితుల ముందు వాయించండి. దారి తప్పితే పోయిన స్వరాన్ని వెతుక్కోకండి. ఆ వరస పోనిచ్చి, తరువాతి వరస మొదటి దెబ్బ మీద మూలస్వరంతో తిరిగి కలవండి. వినేవారిలో చాలామందికి అది తెలియను కూడా తెలియదు. షోకి ముందు జరిగే సౌండ్ చెక్‌లో, మీ మానిటర్‌లో (వేదిక మీద మీ వైపు తిప్పి ఉంచే స్పీకర్‌లో) కిక్ డ్రమ్, మీ బేస్ స్పష్టంగా వినిపించాలని మొహమాటపడకుండా అడగండి. తన వాద్యం తనకే వినిపించకపోతే ఎంతటి అనుభవజ్ఞులైనా కంగారుపడతారు. వేదికెక్కే ముందు, పీల్చినదానికన్నా నెమ్మదిగా, ఎక్కువసేపు ఊపిరి వదలడం గుండె వేగాన్ని కొంత తగ్గిస్తుంది.

ధైర్యం కోసం మద్యం జోలికి మాత్రం పోకండి. అది మీకు కావలసిన తాళజ్ఞానాన్నే మొద్దుబారుస్తుంది. గుండె దడను, వణుకును తగ్గించే ప్రొప్రనొలోల్ వంటి మాత్రలు కొందరు వాద్యకారులు వాడతారు గాని, అవి ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం తెస్తాయి కాబట్టి వైద్యుల సలహా లేకుండా ముట్టుకోవద్దు.

నాన్నగారి విషయంలో మీకు తేలికైన జవాబు ఇవ్వలేను. ఆ రాత్రి ఆయన అన్నది ఎగతాళి కావచ్చు, కూతురు బాధపడటం చూడలేని తండ్రి తొందరపాటు కావచ్చు. పదిహేడేళ్లుగా ఆ మాటకు అర్థం మీరొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. షోకి ముందే, ఒక సాయంత్రం పక్కన కూర్చుని, “ఆ రోజు మీరన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది నాన్నా” అని నిదానంగా చెప్పండి. ఆయన స్పందన చూశాక మీ మనసు ఒప్పుకుంటే రమ్మనండి, లేకపోతే ఈసారికి వద్దని, రెండో షోకి పిలుస్తానని చెప్పండి. మొదటి ప్రదర్శనలో ఎవరి ముందు నిలబడాలో ఎంచుకునే హక్కు మీకుంది, అందులో తండ్రిపట్ల అగౌరవం ఏమీ లేదు.

తప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం ఇప్పుడే తేల్చుకోకండి. వచ్చే సాధనకు ఒక అరగంట ముందు వెళ్లి, డ్రమ్మర్ సామాను బిగించుకుంటున్నప్పుడు, మిగతావారు రాకముందే, పదిహేనేళ్ల వయసులో జరిగిన ఆ సంగతి ఆయనకు చెప్పండి. ఆ తరువాత కూడా తప్పుకోవాలనే అనిపిస్తే నాకు మళ్లీ రాయండి.