భూగర్భ గనుల్లో ఆడవాళ్లు పనిచేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది, 2019 నుంచి కొన్ని షరతులతో ఒప్పుకుంటోంది. అంతకుముందు 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను గని లోపలికి పనికి పంపడాన్నే నిషేధించింది. లోపల ప్రమాదం ఎక్కువ కాబట్టి వాళ్లను కాపాడాలంటే దూరంగా ఉంచాలన్నది అప్పటి ఆలోచన, 1935 నాటి అంతర్జాతీయ కార్మిక ఒప్పందంలోనూ ఇదే ఉంది. కానీ పైకప్పు కూలితే మగవాళ్ల మీదా కూలుతుంది కదా, గనిని భద్రంగా ఉంచాల్సింది యాజమాన్యం, దానికి బదులు ఆడవాళ్ల ఉద్యోగం తీసేయడం నా దృష్టిలో అన్యాయమే. మైనింగ్ ఇంజినీరింగ్ చదివినా భూగర్భంలోకి దిగి పనిచేసే వీలుండేది కాదు.

2019లో కేంద్రం ఇచ్చిన మినహాయింపుతో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజర్ స్థాయి పనులకు ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపు భూగర్భంలోకి వెళ్లే వీలొచ్చింది. ఉదాహరణకి 2021లో సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ జార్ఖండ్‌లోని చురి భూగర్భ గనిలో ఒక మహిళా మైనింగ్ ఇంజినీర్‌ని నియమించింది. ఇక 2020 నాటి వృత్తి భద్రత కోడ్ (పనిచేసే చోట భద్రత గురించిన కేంద్ర చట్టం) ఇంకా ముందుకెళ్లి, అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులకూ ఆడవాళ్లు అర్హులే అంది.

చాలామంది పొరబడేది రెండు చోట్ల. పాత నిషేధం గని మొత్తానికి కాదు, పైన పగటి పనికి అప్పుడూ అడ్డు లేదు. అలాగే కొత్త కోడ్ వచ్చింది కదా అని కంపెనీ బలవంతంగా నైట్ షిఫ్ట్ వేయలేదు, రాత్రి 7 తర్వాత, ఉదయం 6కి ముందు పని చేయించాలంటే ఆమె ఒప్పుకోవాలి, భద్రత ఏర్పాట్లూ ఉండాలి.