వేర్వేరు కంపెనీల భాగాలు కలిసిన ఎం1 కార్బైన్ కొనొచ్చా?

అడిగినవారు అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నారు. గన్ షోలో రెండో ప్రపంచయుద్ధం నాటి ఎం1 కార్బైన్ (అమెరికా సైన్యం వాడిన తేలికపాటి చిన్న రైఫిల్) ఒకటి నచ్చిందట. రిసీవర్ (మిగతా భాగాలన్నీ బిగించే మధ్య భాగం) ఒక కంపెనీది, బ్యారెల్ (గొట్టం) ఇంకో కంపెనీది. దీన్ని తీసుకోవాలా, అన్నీ ఒకే కంపెనీవి ఉన్నది దొరికేదాకా ఆగాలా అని ప్రశ్న.

తీసుకోండి. ఆగితే, ఈమధ్య ఎవరో గ్యారేజీలో కూర్చుని జతచేసిన దాన్ని ఒరిజినల్ అనుకుని రెట్టింపు డబ్బు పోస్తారు.

నేనుండేది ఒహాయోలో డేటన్ దగ్గర. జనరల్ మోటార్స్ వాళ్ళ ఇన్‌లాండ్ విభాగం ఈ ఊళ్ళోనే 26 లక్షలకు పైగా కార్బైన్లు చేసింది. మొత్తం తయారైనవి 60 లక్షల పైచిలుకు. ఆ పని చేసిన పది కంపెనీల్లో అసలు తుపాకుల కంపెనీ అంటే వించెస్టర్ ఒక్కటే. అండర్‌వుడ్ టైపురైటర్లు చేసేది, రాక్‌ఓలా హోటళ్ళలో పాటలు పెట్టే జ్యూక్‌బాక్సులు చేసేది, ఐబీఎం సంగతి మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక కంపెనీ దగ్గర బ్యారెళ్ళు తగ్గితే ఇంకో కంపెనీ నుంచి పంపించేవాళ్ళు. క్వాలిటీ హార్డ్‌వేర్ అనే కంపెనీ దాదాపు రిసీవర్ ఒక్కటే సొంతంగా చేసి మిగతావన్నీ బయటినుంచి తెప్పించుకుంది. అంటే ఫ్యాక్టరీ గేటు దాటేనాటికే చాలా కార్బైన్లు కలగలుపువి.

యుద్ధం అయ్యాక జరిగింది ఇంకా పెద్దది. ఆయుధ కర్మాగారాల్లో వాటిని పూర్తిగా విప్పేసి, తూటా వెనక మూసుకునే బోల్టులు ఒక చోట, వాటిని కదిలించే స్లైడులు ఒక చోట పోసి, కొలతలు చూసి, బాగున్నవాటిని మళ్ళీ బిగించారు. ఏ కంపెనీది అని ఎవరూ చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే ఎవరు చేసినా ఏ భాగమైనా దేనికైనా సరిపోవాలన్నదే ఒప్పందం. 150, 300 గజాల దూరాలకు గురిచూడ్డానికి అటూ ఇటూ మడిచే పాత సైటు తీసి, జరిపి సరిచేసుకునే సైటు పెట్టారు. నొక్కుడు సేఫ్టీ స్థానంలో తిప్పుడు సేఫ్టీ వచ్చింది. పాతది మ్యాగజైన్ విడిపించే బటన్ పక్కనే ఉండేది, కంగారులో సేఫ్టీ బదులు అది నొక్కితే మ్యాగజైన్ కింద పడిపోయేది. బయొనెట్ (తుపాకీ చివర పెట్టే కత్తి) తగిలించే కొత్త బ్యాండు, అంటే బ్యారెల్‌ను చెక్కకు పట్టి ఉంచే పట్టీ, కూడా అప్పుడే వచ్చి చేరింది.

మా నాన్న ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడు నేను ఒక కార్బైన్ విప్పుతుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ పట్టకూడదు కాబట్టి ముట్టుకోలేదు, భూతద్దం పెట్టుకుని చూశారంతే. రిసీవర్ మీద ఇన్‌లాండ్, బ్యారెల్ మీద అండర్‌వుడ్. స్లైడ్ మీద డబ్ల్యూ అక్షరం, అది వించెస్టర్. హ్యామర్ మీద ఆర్, అది రాక్‌ఓలా. ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. "మా బండ్లూ ఇంతేరా. జోనల్ వర్క్‌షాప్ నుంచి ఇంజన్ వచ్చేది, అది ఏ బస్సుదో ఎవడికి తెలుసు? గేర్ బాక్స్ ఇంకో బస్సుది. బండి రోడ్డెక్కిందా లేదా, అదే లెక్క" అన్నారు. ఈ విషయం మీద ఇంతకంటే తెలివైన మాట పాత తుపాకులు సేకరించే ఎవరి నోటా నేను వినలేదు.

మర్నాడు రేంజికి వెళ్ళాం. ఆయన చెవులకు మఫ్లు పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నారు. కొన్ని రౌండ్లు బాగానే పేలాయి. తర్వాత ఒక తూటా దగ్గర బోల్ట్ పూర్తిగా మూసుకోకుండా ఆగింది. దాన్ని తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను, ఇంకో రెండింటికే మళ్ళీ అదే. "స్ప్రింగు మెత్తబడింది, చూడు" అన్నారు వెనకనుంచి, చప్పుడు విని. ఇంటికొచ్చి రికాయిల్ స్ప్రింగు తీసి స్కేలు పెడితే 10 అంగుళాలు కూడా లేదు. కొత్తదైతే పదింపావు దాకా ఉంటుంది. కొన్ని డాలర్ల స్ప్రింగు మార్చాక ఆ కార్బైన్ నన్ను మళ్ళీ ఇబ్బంది పెట్టలేదు. దీన్ని 'ఒరిజినల్' పిచ్చి ఉన్నవాళ్ళకు చెబితే, యుద్ధం నాటి స్ప్రింగు తీసేశావా అని బాధపడ్డారు! ఎనభై ఏళ్ళనాటి స్ప్రింగు మీద ఆ ప్రేమ నాకు అర్థం కాదు.

అసలు నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఇన్‌లాండ్ రిసీవర్ దొరికితే చాలు, ఇన్‌లాండ్ భాగాలన్నీ వెతికి కొని, ఉన్నవి తీసేసి అవి బిగించి, 'సరిచేశాం' అంటారు. చెరిపేశారు అనాలి దాన్ని. కర్మాగారంలో ఎవరో పనివాడు కొలిచి బిగించిన జత అది, ఒకసారి విడదీస్తే మళ్ళీ రాదు. ఒక షోలో అన్నీ వించెస్టర్‌వే అని చూపించిన కార్బైన్ మీద స్టాక్ (చెక్క భాగం) ముద్రలు నిన్న కొట్టినంత పదునుగా ఉన్నాయి. ధర మాత్రం ఆకాశంలో ఉంది. నా నమ్మకం ఏమిటంటే, ఇవాళ టేబుళ్ళ మీద ఒరిజినల్ పేరుతో కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే.

స్టాక్‌ను గరుకు కాగితంతో రుద్దేవాళ్ళు ఇంకో రకం. ఆర్‌ఆర్‌ఏ అంటే రారిటన్, ఏఏ అంటే అగస్టా, ఏ కర్మాగారంలో బాగుచేశారో చెప్పే ముద్రలు ఆ చెక్క మీదే ఉంటాయి. మెరుపు కోసం వాటిని అరగదీస్తే ఇక ఆ తుపాకీ చరిత్ర చదవడానికి ఏముంటుంది? మురికి తుడిచి, పచ్చి అవిసె నూనె పలచగా రుద్దండి, చాలు.

దీన్ని బలహీనమైన తుపాకీ అని తీసిపారేసేవాళ్ళూ కనిపిస్తారు. వంటవాళ్ళు, డ్రైవర్లు, రేడియో మనుషులు పిస్తోలు బదులు పట్టుకోవడానికి చేసింది ఇది. బరువు రెండున్నర కిలోల లోపే, అదే మామూలు సైనికుల చేతిలో ఉండే గారండ్ రైఫిల్ నాలుగు కిలోలు దాటుతుంది. చేసిన పనికి కొలిస్తే దీని కంటే మంచి తుపాకీ ఆ యుద్ధంలో లేదని నేనంటాను.

సరే, మీ బేరం. కంపెనీ అక్షరాల సంగతి వదిలేసి బ్యారెల్ చివర చూడండి. వీటిని మూతి వైపునుంచే శుభ్రం చేయాలి, సైనికులు కడ్డీ తోసి తోసి చాలావాటికి అక్కడే అరిగిపోయింది. అక్కడ అరిగితే గురి కుదరదు. హెడ్‌స్పేస్ (బోల్ట్ మూసుకున్నాక తూటా కూర్చునే చోటు కొలత) గేజ్ పెట్టి చూడమని తెలిసిన గన్‌స్మిత్‌ను అడగండి, అది సరిగా లేనిదాన్ని పేల్చకండి. బ్యారెల్ కింద గ్యాస్ పిస్టన్‌ను పట్టి ఉంచే నట్టు జోలికి ఊరికే వెళ్ళొద్దు. ఆటోమేటిక్‌గా మార్చే ఎం2 సెలెక్టర్ భాగాలు కలిపి ఇస్తానంటే అక్కణ్ణించి వచ్చేయండి, అది ఫెడరల్ కేసు. మీరు గ్రీన్ కార్డు కాబట్టి సరే గానీ, హెచ్1బీ మీద ఉన్న మిత్రులు ఇది చదివి ఉత్సాహపడొద్దు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం.

డబ్బు ఇచ్చే ముందు స్టాక్‌లోంచి ఊడదీసి చూపించమనండి. ముందు స్క్రూ వదులు చేసి, బ్యాండు జరిపితే వచ్చేస్తుంది, పెద్ద పని కాదు. కుదరదంటే ఆ టేబుల్ వదిలేయండి, పక్క టేబుల్ మీద ఇంకోటి ఉంటుంది.