ఎంబీయే అయింది, మేడమ్, పని దొరకట్లేదు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను 2024లో ఎంబీయే ఫైనాన్స్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఐసెట్ రాసి కన్వీనర్ కోటాలో మా జిల్లాలోనే చేరాను. ఇప్పటికి పదకొండు ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఫైనాన్స్ ఉద్యోగం ఒక్కటీ రాలేదు. వచ్చినవన్నీ ఖాతాలు తెరిపించే సేల్స్ పనులే, నెలకు పదిహేను వేలు, సొంత బండి ఉండాలట. ఎంబీయేల్లో ఏడు శాతం మందే ఉద్యోగానికి పనికొస్తారని ఎక్కడో చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. అమీర్‌పేటలో నలభై వేలు కట్టి ఏదైనా కోర్సు చేయమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, నల్గొండ

జవాబు: మా అబ్బాయి వయసు వాడివి కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. ముందు ఆ ఏడు శాతం సంగతి. అది 2016లో అసోచామ్ అనే వ్యాపార, పరిశ్రమల సంఘం చెప్పిన లెక్క, ఐఐఎంల లాంటి పెద్ద సంస్థల్ని పక్కనపెట్టి మిగతా కాలేజీల గురించి చెప్పింది. 2025 ఇండియా స్కిల్స్ రిపోర్టు తెరిస్తే ఎంబీయేల్లో 78 శాతం మంది పనికొస్తారని ఉంటుంది. తొమ్మిదేళ్లలో మన కాలేజీలు అంత బాగుపడిపోయాయా? లేదు, కొలిచిన పద్ధతి వేరు, అంతే. అందుకని ఆ ఏడునీ నమ్మొద్దు, ఈ డెబ్భై ఎనిమిదినీ నమ్మొద్దు.

నేను చాలా ఏళ్లు ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చున్నాను. ఒకసారి అచ్చం నీలాంటి కుర్రాడే వచ్చాడు, ఫైనాన్స్, ఫస్ట్ క్లాస్, చేతిలో బంగారు అక్షరాల అట్టతో ప్రాజెక్టు రిపోర్టు. ఒక సిమెంటు కంపెనీలో వర్కింగ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ (రోజువారీ వ్యాపారానికి కావాల్సిన డబ్బును నడిపే తీరు) అని పేరు. సరే బాబూ, ఆ కంపెనీ డీలర్లకు ఎన్ని రోజుల అప్పు ఇస్తుంది అని అడిగితే ఫ్యాను వైపు చూశాడు. పేజీలు తిప్పుతుంటే మధ్యలో ఒకచోట సిమెంటు కంపెనీ పేరు బదులు ఏదో మందుల కంపెనీ పేరు ఉంది, మార్చడం మర్చిపోయారు. ఆ రిపోర్టులు ఎక్కడ దొరుకుతాయో, ఎంతకు దొరుకుతాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు, సంతకం పెట్టిన గైడు గారికీ తెలుసు. కాబట్టి వాడి మీద నాకు కోపం రాలేదు. ల్యాప్‌టాప్ ఇచ్చి, ఇదిగో రెండు వందల బిల్లులు, తేదీ, పార్టీ పేరు, బిల్లు మొత్తం, కట్టింది ఎంత అని ఉంది, ముప్ఫై రోజులు దాటిన బాకీ ఎంత, అరవై దాటింది ఎంత, తొంభై దాటింది ఎంత చెప్పు అన్నాను. ఎక్సెల్ తెరిచాడు. జేబులోంచి ఫోను తీశాడు. ఫోనులో కాలిక్యులేటర్ మీద కూడి, వచ్చింది ఎక్సెల్ గడిలో టైపు చేయడం మొదలుపెట్టాడు.

రెండేళ్లలో వాడితో ఆ పని ఒక్కసారి కూడా ఎవరూ చేయించలేదు. డెటర్స్ టర్నోవర్ రేషియో (బాకీలు ఎంత వేగంగా వసూలవుతున్నాయో చెప్పే లెక్క) ఫార్ములా అడిగితే మాత్రం నిద్రలో లేపినా చెప్పేవాడు! అన్నీ చదివాడు, కానీ బాకీ వసూలు కాక ఒక వ్యాపారి ఎలా ఇబ్బందిపడతాడో చూడలేదు. ఇంటర్న్‌షిప్ ఉన్నది దానికే, దాని రిపోర్టునే కొనేస్తే ఇంక మిగిలేది పుస్తకాలే. నీ పదకొండు ఇంటర్వ్యూల్లో జరిగింది కూడా ఇదే అయివుంటుందని నా అనుమానం, కాకపోతే క్షమించు.

నలభై వేలు ఇప్పుడే కట్టకు. మీ ఊళ్లోనే ఒక ఆడిటర్ గారి ఆఫీసుకో, హోల్‌సేల్ వ్యాపారి దగ్గరికో వెళ్లి, మూడు నెలలు ఎంతిస్తే అంతకు చేస్తానని అడుగు. సిగ్గుపడకు. ప్రతి నెలా వచ్చేసరికి పదకొండో తేదీలోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), ఇరవైలోపు 3బీ (పన్ను కట్టే రిటర్ను) వేయాల్సిన వాళ్లకు చేతులు ఎప్పుడూ తక్కువే (చిన్న వ్యాపారుల్లో మూడు నెలలకోసారి వేసేవాళ్లూ ఉంటారు, అది అక్కడ తెలుస్తుంది). కొనుగోళ్ల రిజిస్టరు పక్కన 2బీ (సరుకు పంపినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే జాబితా) పెట్టుకుని, సరుకు పంపినవాడు పోర్టల్‌లో చూపించని ఇన్‌వాయిస్ ఏదో వెతికి పట్టుకోవడం, బ్యాంకు స్టేట్‌మెంటుకూ ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో రాసిన లెక్కకూ తేడా ఎక్కడొచ్చిందో తేల్చడం, ఈ రెండూ చేతికి వస్తే రెజ్యూమెలో రాసుకోవడానికి నీ సొంత మాట ఒకటి ఉంటుంది. ఎక్సెల్ అయితే యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతుంది, పివట్ టేబుల్ (పెద్ద జాబితాను కావాల్సినట్టు కూడి చూపించేది) దాకా వస్తే చాలు మొదట్లో.

ఇక సేల్స్ పని తక్కువదేం కాదు, కానీ చేరేముందు అడగాల్సినవి ఉన్నాయి. ఉద్యోగం బ్యాంకు పేరోల్ మీదా, ఏజెన్సీ పేరోల్ మీదా? పదిహేను వేలలో టార్గెట్‌తో సంబంధం లేకుండా వచ్చేది ఎంత? పెట్రోలు ఎవరిది? అదే చిన్న వ్యాపారులకు అప్పులిచ్చే సంస్థలో ఫీల్డ్ క్రెడిట్ పని (వ్యాపారి దగ్గరికే వెళ్లి అప్పు తీర్చగలడా అని చూడటం) వస్తే మాత్రం వదలకు. లెక్కల పుస్తకమే లేని టిఫిన్ సెంటరుకు వెళ్లి, ఇడ్లీ పిండి ఎంత రుబ్బుతున్నారో చూసి రోజు అమ్మకం అంచనా వేయడం కంటే గట్టి ఫైనాన్స్ పాఠం నేనెక్కడా చూడలేదు.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి బీకాం అయింది. హైదరాబాద్‌లో ఒక కాలేజీ పీజీడీఎం అనే ఎంబీయే లాంటి డిప్లొమాకు తొమ్మిది లక్షలు అడుగుతోంది, అత్యధిక ప్యాకేజీ 24 లక్షలని బ్రోచర్‌లో వేశారు. లోను తీసుకోవచ్చా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అన్నయ్యగారూ, ఆ 24 లక్షలు ఒక్క పిల్లకో పిల్లాడికో వచ్చిందై ఉంటుంది. మీరు అడగాల్సింది బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్లందర్నీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం ఎంత అని. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మేనేజ్‌మెంట్ కాలేజీలకు విడిగా జాబితా ఉంది. అందులో పాల్గొనే కాలేజీలు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, మధ్యస్థ జీతం ఎంతో చెప్పాలి. ఆ కాగితం కాలేజీ వెబ్‌సైటులో ఉందేమో చూడండి. ఆ ర్యాంకులకే వెళ్లని కాలేజీ అయితే ఎందుకు వెళ్లలేదో అడగండి, జవాబు వినడానికి సరదాగా ఉంటుంది. ఇలాంటి కోర్సుల్ని నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి ఉందో లేదో కూడా చూసుకోండి.

తొమ్మిది లక్షలు పదేళ్లకు పదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెలకు పన్నెండు వేల పైచిలుకు కిస్తీ, చదువుతున్నంత కాలం పెరిగే వడ్డీ దానికి అదనం. ఆ మధ్యస్థ జీతంలోంచి పన్నెండు వేలు, హాస్టల్ ఖర్చు తీసేసి మిగిలేది చూడండి. మనసు ఒప్పకపోతే అమ్మాయిని రెండేళ్లు ఉద్యోగం చేయనివ్వండి. హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) తన ప్రధాన కోర్సుకు కనీసం రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటుంది, ఊరికే పెట్టలేదు ఆ నిబంధన.

ప్రశ్న: నేను ఎంబీయే కాలేజీలో లెక్చరర్‌ని. అందరూ మమ్మల్నే తిడతారు. సిలబస్ యూనివర్సిటీది, రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని మాకు జీతాలు నెలల తరబడి ఆపుతారు, పిల్లలు పరీక్షలకే కనిపిస్తారు. నేనేం చేయగలను?
– వరంగల్

జవాబు: జీతం ఆపడం అన్యాయం, దానికి నా దగ్గర మందు లేదు సార్. సిలబస్ కూడా మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. ఇంటర్నల్ మార్కులు మాత్రం మీవే కదా. రాత అసైన్‌మెంటు ఒకటి తీసేసి, తెలిసిన కిరాణా కొట్లో నెల రోజుల కొనుగోళ్లు, అమ్మకాలు, అరువులు రాసుకుని రమ్మనండి. ఏ ఇద్దరు పిల్లల కాగితాలూ ఒకేలా ఉండవు, కాపీ కొట్టడానికి వీలుండదు. ప్రాజెక్టు వైవాకు రిపోర్టు బయటపెట్టి రమ్మనండి, లోపలికొచ్చాక ఆ కంపెనీలో నీకు పని చెప్పినాయన పేరేంటి, ఆయన రోజంతా ఏం చేస్తాడు అని అడగండి. మొదటి ఏడాది సగం మంది నోరు తెరవరు, ప్రిన్సిపాల్ గారు మిమ్మల్ని పిలిచి మాట్లాడతారు కూడా. అప్పుడేం చెప్పాలో మళ్లీ రాయండి, ఆలోచిద్దాం.