గదిలో ఉండేవాళ్ళకు ఎండు రొయ్యల పొడి, బొరుగులు

ఒంగోల్లో గది తీసుకుని చదువుకుంటున్నానని, ఒక స్టవ్వు, ఒక చిన్న మిక్సీ తప్ప ఏమీ లేవని రాశారు. నూడుల్స్ ప్యాకెట్లో వచ్చే మసాలా రుచి, అదే ఉమామి అంటారే, అది ప్యాకెట్ లేకుండా సాయంత్రం చిరుతిండిలో ఎలా తెప్పించాలన్నది మీ ప్రశ్న. మాది నెల్లూరు. ఆ రుచి కోసం మీరు సూపర్ మార్కెట్‌కి వెళ్ళక్కర్లేదు. ఎండు చేపలమ్మే చోటికి వెళ్ళి వంద గ్రాముల ఎండు రొయ్యపొట్టు, అంటే సన్న ఎండు రొయ్యలు, తెచ్చుకోండి, చాలు.

ముందు ఆ రుచి ఎక్కణ్ణుంచి వస్తుందో రెండు మాటల్లో చెప్తాను, తెలిస్తే వంట మీ చేతుల్లోకి వస్తుంది. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ సముద్రపు నాచుతో కాచిన చారులో గ్లుటమేట్ అనే పదార్థాన్ని గుర్తించి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. 1913లో ఆయన శిష్యుడు కొడామా ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్ అనే ఇంకో పదార్థాన్ని పట్టుకున్నారు. ఈ రెండూ ఒకే ముద్దలో కలిస్తే రుచి విడివిడిగా ఉన్నప్పటికంటే చాలా ఎక్కువగా తెలుస్తుంది. బాగా పండిన టమాటాలో గ్లుటమేట్ ఉంటుంది, ఎండు చేపలో ఇనోసినేట్ ఉంటుంది. మన తీరంలో ఎండు నెత్తళ్ళు, టమాటా కలిపి వండటం ఈ పేర్లేవీ తెలియకముందు నుంచీ ఉంది. మనం దాన్ని కమ్మగా ఉందంటాం, అంతే.

ఇక పొడి సంగతి. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. రొయ్యపొట్టుని నూనె లేకుండా మందపాటి బాణలిలో సన్న సెగ మీద ఐదారు నిమిషాలు వేయించాలి. మొదట నీచు వాసన వస్తుంది, కంగారు పడొద్దు. కాసేపటికి అది తగ్గి, వేరుశనగలు వేగుతున్నట్టు కమ్మటి వాసన మొదలవుతుంది. ఒక రొయ్యని తీసి వేళ్ళ మధ్య వంచితే పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా వేగాలి. విరిగాక పాత గుడ్డలో పోసి మూట కట్టి రెండు చేతులతో నలిపితే మీసాలు, కాళ్ళు, తలలు ఊడిపోతాయి. చాటలో చెరుగుతాం మేము. మీ దగ్గర చాట ఉండదు కాబట్టి పిండి జల్లెడలో పోసి గట్టిగా ఆడించండి, ఇసుక కిందికి దిగిపోతుంది. ఈ పని మానేస్తే మొదటి ముద్దకే పంటి కింద ఇసుక కరకరమంటుంది.

అదే బాణలిలో చెంచా నూనె వేసి ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర వేయించండి. చల్లారాక రొయ్యలతో కలిపి బరకగా తిప్పి, చివర్లో పది వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే వేసి ఒక్క తిప్పు తిప్పండి. మెత్తటి పిండి చేయొద్దు. ఉప్పు మాత్రం ఇప్పుడే వేయకండి. పెళ్ళయిన కొత్తలో నేను మామూలు కారప్పొడికి వేసినట్టే వేశాను, ఇంట్లో ఎవరూ నోట పెట్టలేకపోయారు. మా అత్తమ్మది మైపాడు వైపు పల్లె. "రొయ్యల్లోనే ఉప్పు ఉండాది గదమ్మా, ఈసారి ముందు నాలిక మీద ఏసుకుని చూడు" అంది. అప్పట్నుంచి చూసి, చాలకపోతేనే వేస్తున్నాను. చాలాసార్లు అవసరమే పడదు.

ఇప్పుడు బొరుగులు. మీ ఒంగోలు వైపు మరమరాలంటారేమో. టమాటా కోసేటప్పుడు చాలామంది లోపలి గింజల గుజ్జు పారేస్తారు, బొరుగులు మెత్తబడతాయని. టమాటాలో గ్లుటమేట్ కండలోకంటే ఆ గుజ్జులోనే ఎక్కువ, అది పారేస్తే అసలు రుచి పోయినట్టే. కాబట్టి గిన్నెలో ముందు టమాటా ముక్కలు గుజ్జుతో సహా, తరిగిన ఉల్లిపాయ, రెండు చెంచాల రొయ్యల పొడి, చెంచా నూనె వేసి చేత్తో బాగా పిసికి ఐదు నిమిషాలు వదిలేయండి. గిన్నె చుట్టూ అందరూ కూర్చున్నాక మాత్రమే గుప్పెడు గుప్పెడుగా బొరుగులు కలపండి. కొత్తిమీర, నాలుగు చుక్కల నిమ్మరసం మీ ఇష్టం.

ఇదే పొడి దోశకి కూడా ఎంత బాగుంటుందో చెప్పలేను. మా నెల్లూరు కారం దోశకి ఎర్రకారం పూస్తాం కదా, దాని మీద గుడ్డు కొట్టి పరిచి, పైన అర చెంచా ఈ పొడి చల్లి మూత పెట్టండి.

రూమ్మేట్ శాకాహారి అయితే పుట్టగొడుగులు తెచ్చుకోండి. సన్నగా కోసి, నూనె లేకుండా వేడి పెనం మీద అవి వదిలే నీళ్ళు పూర్తిగా ఇగిరిపోయేదాకా ఉంచి, అప్పుడు నూనె, మిరియాలు, పండిన టమాటా వేసి దగ్గరకి రానివ్వాలి. నీళ్ళు ఇగరకముందే నూనె పోస్తే ఉడికినట్టే ఉంటాయి తప్ప వేగవు. రొయ్యలు పడనివాళ్ళు, తింటే దద్దుర్లు వచ్చేవాళ్ళు మీ గదిలో ఉంటే మాత్రం ముందే అడిగి తెలుసుకోండి, ఒకే గరిటె రెంటికీ వాడొద్దు.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, పచ్చి చేప ప్రియం. మేము ఎండలు ముదిరినప్పుడే సంవత్సరానికి సరిపడా ఎండు సరుకు కొనేస్తాం. అక్టోబర్ వానలు మొదలయ్యాక కొంటే తేమ పట్టి బూజు వస్తుంది. పొడి చేసినా గాజు సీసాలో, తడి తగలని చెంచాతో నెల రోజులు వాడుకోవచ్చు. ఫ్రిజ్ ఉంటే అందులోనే పెట్టండి, మూత గట్టిగా బిగించి. బిగించకపోతే పాలకి కూడా ఆ వాసన పడుతుంది.