బాబు ఎక్కడ నవ్వుతున్నాడో అక్కడే మొదలుపెట్టండి

ప్రశ్న: మా బాబుకి మూడున్నరేళ్ళు. ఆరు నెలల క్రితం ఆటిజం అని చెప్పారు. రెండు మూడు మాటలు తప్ప రావు. రోజంతా కార్లు వరసగా పేరుస్తాడు, ఒక్కటి కదిపినా ఏడుస్తాడు. ఆటలతోనే నేర్పించాలని థెరపిస్ట్ చెప్పారు. ఉద్యోగం మానేసి పొద్దున్నుంచి ఫ్లాష్‌కార్డులు, పజిల్స్ ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. నా దగ్గర నిమిషం నిలవడు. 'మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయి' అంటూ మావారు ఏడాది వృథా చేశారు. ఇప్పుడేమో ఆఫీసు నుంచి రాగానే వాణ్ణి దుప్పటిలో వేసి ఊపడం, మంచం మీద దొర్లించడం. వాడు పగలబడి నవ్వుతాడు, ఆ తర్వాత కార్డుల దగ్గరికి రమ్మంటే మొండికేస్తాడు. అందుకే ఆ గోల మాన్పించాను. ఇప్పుడాయన ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు, భారమంతా నా మీదే పడింది. బాబుకి ఏ బొమ్మలు కొనాలి? కార్లు దాచేయమంటారా?

జవాబు: అమ్మా, కొత్త బొమ్మలేవీ కొనకండి. కార్లు దాచకండి. మీరడిగిన రెండింటికీ జవాబు అంతే. ఇక అసలు విషయానికి వస్తాను.

ఇంత ఉత్తరంలో బాబు నవ్వాడన్న మాట ఒక్కచోటే ఉంది. అదీ వాళ్ళ నాన్న దగ్గర. దాన్నే మీరు మాన్పించారు.

ఆ దుప్పటి ఆటలో ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. ఊపుతూ ఊపుతూ ఆయన ఆగితే బాబు ఏం చేస్తాడు? చాలామంది పిల్లలు ముఖంలోకి చూస్తారు. కాలు కదుపుతారు, దుప్పటి అంచు లాగుతారు, 'ఊ' అంటారు. 'మళ్ళీ ఊపు' అని అడగడమే అది. ఎదుటి మనిషికి ఏదో చెప్పాలనిపించడం, చెబితే పని జరుగుతుందని తెలియడం, మాట పుట్టేది అక్కడే. ఆయన చేయాల్సిందల్లా మధ్యలో ఆగి, తొందరపెట్టకుండా పది సెకన్లు ఎదురుచూడటం. బాబు చూసినా, ఏ చిన్న శబ్దం చేసినా మాటగానే తీసుకుని, 'ఊపు' అని ఒక్క ముక్క అని వెంటనే ఊపడం. చెవులు మూసుకున్నా, చేతిని తోసేసినా అక్కడితో ఆపేయాలి. వద్దనడం కూడా మాటే. దానికీ విలువ ఇవ్వాలి.

ఫ్లాష్‌కార్డు పట్టుకుని 'ఇదేంటి, ఇదేంటి' అని అడగడం ఆట కాదు, పరీక్ష. మీరు దాన్ని ఆట అనుకుంటున్నారు, బాబు అనుకోవట్లేదు, అందుకే లేచి పోతున్నాడు. కార్డులో ఏనుగును చూసి ఏనుగు అనడం నేర్చుకున్నా, దాహం వేస్తే మీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం రాకపోతే ఏం లాభం?

కార్ల విషయం కూడా ఇంతే. వరసగా పేర్చడం మీకు జబ్బులా కనిపిస్తోంది, వాడికి అదే ఆట. నేల మీద వాడికి ఎదురుగా, ముఖం కనిపించేలా కూర్చోండి. వరసలో చెయ్యి పెట్టకండి. నాలుగైదు కార్లు మీ దగ్గర ఉంచుకుని ఒక్కొక్కటే అందించండి. ప్రశ్నలు వద్దు, 'కారు', 'ఇంకో కారు', అంతే. కొన్నాళ్ళకి తర్వాతి కారు కోసం మీ చేతివైపు, ఆపైన మీ ముఖంవైపు చూడటం మొదలుపెట్టవచ్చు. మీ దగ్గర వేరే కార్లతో మీరూ ఒక వరస పేర్చండి. వాడు మీ వరస వైపు చూశాడంటే పెద్ద అడుగు పడినట్టే.

ఇవి నేను గాలిలో చెబుతున్న మాటలు కావు. బ్రిటన్‌లో పాక్ట్ అనే అధ్యయనంలో ఆటిజం ఉన్న 152 మంది చిన్నపిల్లల్ని తీసుకున్నారు. అందులో ఒక బృందం తల్లిదండ్రులకి వాళ్ళు పిల్లలతో ఆడుకుంటున్న వీడియోలు వాళ్ళకే చూపించి, బిడ్డ ఇచ్చే చిన్న సంకేతాన్ని గమనించి స్పందించడం నేర్పారు. ఇంట్లో రోజూ చేయమన్నది ఇరవై నుంచి ముప్పై నిమిషాలే. 2010లో వచ్చిన ఫలితాల్లో తల్లిదండ్రుల తీరు బాగా మారింది కానీ ఆటిజం లక్షణాల్లో పెద్ద తేడా లేదు. శిక్షణ అయిపోయిన దాదాపు ఆరేళ్ళకి మళ్ళీ పరీక్షిస్తే, ఆ పిల్లల్లో లక్షణాల తీవ్రత మిగతావారికన్నా తక్కువగా ఉందని 2016లో ప్రకటించారు. ఆటిజం మాయమైపోలేదు, పోతుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. కానీ పొద్దున్నుంచి రాత్రిదాకా సాగే మీ తపస్సుకన్నా ఆ అరగంటే బలమైనదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మీవారి గురించి. ఏడాది పాటు మీ మాట వినకపోవడం ఆయన తప్పే. తల్లి భయపడి చెబుతుంటే కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు, ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పండి, ఒక్కసారి, పూర్తిగా. అయితే బాబుకి ఆటిజం రావడానికి ఆ ఏడాది కారణం కాదు. మీరూ కారణం కాదు. ఒకప్పుడు తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే రాశారు, అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. ఆ కోపంతో మీరిప్పుడు ఆయన్ని బిడ్డకి దూరంగా కూర్చోబెట్టి, బాధ్యత లేదంటున్నారు. ఆయన ఆడితే గోల, ఆడకపోతే బద్ధకం. ఆ మనిషి ఎక్కడ నిలబడాలమ్మా?

తండ్రి ఉన్నది మీకు సాయం చేయడానికి కాదు. ఆ బిడ్డ ఆయన బిడ్డ కూడా. సాయంత్రం అరగంట ఆయనకి వదిలేయండి. ఆ సమయంలో మీరు ఆ గదిలో ఉండకండి, పక్క గదిలోంచి 'అలా కాదు' అని అనకండి. ఆట అయ్యాక కార్డులు తీయకండి. నవ్విన ప్రతిసారీ వెంటనే పాఠం వస్తుందని తెలిస్తే ఏ బిడ్డయినా నవ్వడం తగ్గిస్తాడు.

మాటలు నేర్పే స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ మాత్రం మానొద్దు. వచ్చే సెషన్‌కి బాబుని తీసుకుని ఆయన్నే వెళ్ళమనండి. ఇంట్లో బాబు దేనికి నవ్వుతాడో, దేనికి బెదురుతాడో థెరపిస్ట్‌కి ఆయన నోటితోనే చెప్పనివ్వండి. మీరు వెంట వెళ్ళకండి.